వేలారేఖయు శాసనరేఖయు



సముద్రమును నమ్మి జీవించు మన కులమువారికి రాజశాసనముతోడి సంబంధము నేఁటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుఁడను నధికారి కలఁడు. తీరగ్రామములు నియతమైన పన్ను చెల్లింపవలయుననియు, మత్స్యజీవులు తాము పట్టినదానిలో నాఱవపాలు పడవబాడుగగా నీయవలయుననియు నం దున్నది. అనఁగా నాఁటి ప్రభువునకుఁ దీరము రాఁబడికి మూలము.

1244వ సంవత్సరప్రాంతమున కాకతి గణపతిదేవుఁడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము అంతకంటె నొకమెట్టు పైది. తుపానున కొట్టుకొనివచ్చి యొడ్డునఁ జిక్కిన యోడల సరకును పూర్వరాజులు బలిమిని హరించుచుండిరి. గణపతిదేవుఁడు కృపాళువై నియతమగు సుంకము మాత్రము గ్రహించి, తక్కిన సర్వస్వమును వర్తకులకే విడిచెను. ఆపన్నుని దోఁచుట రాజధర్మము కాదను సూత్రము మన తీరముననే ఱాతి కెక్కినది.

కాని యవి యన్నియుఁ దీరమునకు వచ్చు ధనమును గూర్చిన శాసనములు. తీరభూమిని గూర్చినవి కావు. 1864 నవంబరునందలి బందరు ఉప్పెన యించుమించు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మునిఁగినది. నీరు తీసినపిదప జనులు మరల నా తీరముననే యిండ్లు కట్టుకొనిరి.

తీరభూమికే శాసనము కావలయునను తలంపు 1981లో మొదలయ్యెను. సముద్రపుటొడ్డున 500 మీటర్ల మేర కట్టడములు లేకుండఁ గాపాడుఁడని ప్రధాని ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులకు వ్రాసిరి. 1986నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము ననుసరించి 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడెను. 2011లోను, 2019లోను నది మాఱెను. పోటునీటి గీఁతనుండియే దూరము లన్నియుఁ గొలువఁబడును.

చిక్కంతయు నిచటనే యున్నది. ఆ గీఁత కదలుచున్నది. 1901 మొదలు 2018 వఱకు లోకమున సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞులు 2021లో నిర్ణయించిరి. ఆనకట్టలవలన నదులు తెచ్చు నొండ్రుమట్టియుఁ దగ్గినది. ఉప్పాడ దీనికి సాక్షి. అచట నిండ్లును, దారియు నలలపాలగుచు వచ్చెను. ఇసుక నింపిన గొట్టములతోఁ గట్టిన గోడయుఁ దుపానులకుఁ జెడెను.

2011నాటి ప్రకటన యీ కదలికను గుర్తించి, అలలు, మట్టపు పెరుగుదల, కోఁత లెక్కించి ‘ఆపద రేఖ’ గీయుమనెను. 2019లో నా రేఖ విపత్తులకు సంసిద్ధమగుటకు మాత్రమే పరిమితమయ్యెను. జనసాంద్రత చదరపు కిలోమీటరునకు 2,161 మించిన పల్లెలయందు కట్టడముల నిషేధము 200 మీటర్లనుండి 50 మీటర్లకుఁ దగ్గెను. పడవచెంత నుండఁదగిన మనకు నిది కొంత మేలు. కాని వెసులుబాటు మనకొక్కరికే కాదు. ధనికుల కట్టడములును ఆ నేలకే వచ్చును. సముద్రము వెనుకనుండి, వారు ముందునుండి త్రోయఁగా మన కెచట నిలువ నీడ?

ఆ శాసనములందే మనకు రెండాయుధములు గలవు. మత్స్యకారుల పల్లెలు, ఉమ్మడి స్థలములు, చేఁపలారఁబెట్టు తావులు తీరపటములందుఁ జూపవలయునని 2011నాటి విధి; దీర్ఘకాలపు గృహావసరములకుఁ బ్రణాళిక వేయవలయుననియు నం దున్నది. జిల్లా కలెక్టరు అధ్యక్షత వహించు సంఘమునఁ దీరవాసుల ప్రతినిధులు కనీసము ముగ్గు రుండవలయును.

మన పెద్దలు వలలారవేసిన నేలకుఁ బట్టా లేదు. పటమునను లేని నేల మునిఁగినచో, బదులు నేల నడుగుటకు మన కాధారమేమి? కాఁబట్టి ప్రతి పల్లెవారును తమ పటమును దెప్పించి చూడవలయును. వృద్ధుల నడిగి పూర్వపు టెల్లలు వ్రాయింపవలయును. లోపమున్నచో వ్రాఁతమూలముగాఁ దెలుపవలయును. చదువుకొన్న మన యువకులు పూనవలసిన కార్య మిదియే.

ఓడ పగిలినవాని సొమ్ము వానిదే యని గణపతిదేవుఁడు శాసించెను. ఊరు కోఁతఁబడినవాని హక్కును వానిదే యని నేఁటి ప్రభుత్వముచేఁ బలికించుట మన బాధ్యత.