రెండు లైన్లను కలిపి నడిపిన కథ

1994 నవంబరులో ఇంటర్నెట్ ప్రమాణాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 1717 వెలువడింది. అందులోని పద్ధతి పేరు మల్టీలింక్ పీపీపీ. అప్పటి ఐఎస్‌డీఎన్ టెలిఫోన్ లైన్‌లో 64 కిలోబిట్ల చానళ్లు రెండుండేవి. ఆ రెంటినీ జతచేసి 128 కిలోబిట్ల దారిగా వాడుకోవడం ఎలాగో ఆ పత్రం చెప్పింది.

కలపడం వినడానికి తేలికే. చిక్కంతా క్రమంలో ఉంది.

పెళ్లివారు రెండు బస్సుల్లో బయల్దేరారనుకుందాం. ముందు బస్సు ఎంత త్వరగా చేరినా, పెళ్లికొడుకు వెనక బస్సులో ఉంటే ముహూర్తానికి అందరూ ఆగాల్సిందే. డేటా ముక్కలకూ అదే తిప్పలు. అందుకే మల్టీలింక్ ప్రతి ముక్కకూ వరుస సంఖ్య వేసింది. అవతలి కొసన ఉన్న యంత్రం ఆ సంఖ్యలు చూసి ముక్కల్ని మళ్లీ పేర్చేది. అయితే రెండు చానళ్లూ ఒకే సంస్థ దగ్గర ముగిస్తేనే ఇది సాధ్యం.

రెండు వేర్వేరు సంస్థల కనెక్షన్లు తీసుకున్నవారికి ఈ పద్ధతి పనికిరాలేదు. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ఐపీ చిరునామా. ఇంటర్నెట్‌లో రెండు యంత్రాల మధ్య డేటాను క్రమంగా చేరవేసే పద్ధతి టీసీపీ. దాని రూపకర్తలు రెండు కొసల చిరునామాలు, పోర్టు సంఖ్యలతోనే ప్రతి సంభాషణనూ గుర్తించేలా ఏర్పాటు చేశారు. మధ్యలో చిరునామా మారితే ఆ సంభాషణ తెగినట్టే. పైగా ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, బాగా వెనకాముందుగా చేరితే, కొన్ని దారిలో పోయాయనుకుని టీసీపీ వేగం తగ్గించేస్తుంది.

అందుకని రౌటర్లు మధ్యేమార్గం పట్టాయి. ప్యాకెట్లను కాక, సంభాషణలనే పంచాయి: ఒకటి ఈ లైన్‌లో, మరొకటి ఆ లైన్‌లో. ఆఫీసులో యాభై మంది పనిచేస్తుంటే రెండు లైన్లూ నిండుతాయి. ఒక్కరు ఒక్క పెద్ద ఫైలు దించుకుంటే మాత్రం రెండో లైన్ ఖాళీగానే ఉంటుంది.

వేగం కన్నా భద్రతే ముఖ్యమని 2008 జనవరి 30 చాటింది. ఆ రోజు మధ్యధరా సముద్రంలో, అలెగ్జాండ్రియా సమీపంలో రెండు కేబుళ్లు తెగాయి. భారత్‌లోనూ, పశ్చిమాసియాలోనూ ఇంటర్నెట్ కుంటుపడింది. తూర్పు వైపు కూడా దారులున్న సంస్థలు ట్రాఫిక్‌ను అటు మళ్లించి నిలదొక్కుకున్నాయి.

సంభాషణ తెగకుండా దారులు మార్చే ఉపాయం 2013 జనవరిలో ప్రయోగాత్మక ప్రమాణంగా వచ్చింది. అదే మల్టీపాత్ టీసీపీ. ఒకే సంభాషణను ఉపధారలుగా చీల్చి, ఒక్కోదాన్ని ఒక్కో కనెక్షన్‌పై నడుపుతుంది. అవతలివారికి ఈ భాష తెలియకపోతే మామూలు టీసీపీకి దిగిపోతుంది. ఈ అణకువ వల్లే అది పాత ఇంటర్నెట్‌లో ఇమడగలిగింది. అదే ఏడాది సెప్టెంబరులో యాపిల్ దాన్ని ఐఓఎస్ 7లో సిరి కోసం వాడింది: వైఫై బలహీనపడితే మాట మొబైల్ డేటా మీద సాగుతుంది. 2020 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8684గా పూర్తి ప్రమాణ హోదాకు బాట పడింది. అదే నెలలో లినక్స్ 5.6లోనూ చోటు దొరికింది.

ఇంటికో, దుకాణానికో రెండో కనెక్షన్ తీసుకునేవారు వేగం రెట్టింపవుతుందన్న ఆశతో తీసుకోవద్దు. ఒకటి ఆగినా పని ఆగకూడదని తీసుకోండి. తీసుకునేముందు రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయేమో తప్పక చూసుకోండి.