తండ్రి అప్పు, కొడుకు చాకిరీ

చేసిన అప్పుకు మనిషి తన ఒంటినే తాకట్టు పెట్టి, అది తీరేవరకు షావుకారు ఇంట్లో చాకిరీ చేసే పద్ధతిని తూర్పు కనుమల్లో గోతి అనేవారు. విశాఖ ఏజెన్సీలోనూ కోరాపుట్ కొండల్లోనూ ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం ఇది సాగింది. టైడా దగ్గర ఘాటెక్కి అనంతగిరి, అరకు దాటితే అవతల పక్క కోరాపుట్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఆ కొండలు కూడా విశాఖపట్నం జిల్లాలోవే. ఆ తర్వాత మధ్యలో గీత పడినా పోర్జలు, కోందులు, గదబలు రెండు పక్కలా ఉండిపోయారు. వారితోపాటు షావుకార్లూ ఉండిపోయారు.

అప్పు ఎందుకు పుట్టేదో చూస్తే కారణాలు ఎక్కువగా కనిపించవు. పెళ్లికి పిల్ల తండ్రికి ఇవ్వవలసిన ఓలి, చావు ఖర్చు, అడవి నరికినందుకో సారా కాచినందుకో పడిన జరిమానా, వానాకాలంలో గింజలు నిండుకోవడం. పోడు పంట చేతికొచ్చే ముందు రెండు మూడు నెలలు చోడి అంబలికి కూడా కటకట పడే రోజులు. షావుకారు వాకిట్లో నిలబడేది అప్పుడే. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు మరో కుంచం అన్న ఫిర్యాదు ఏజెన్సీ అంతటా ఉండేది. కాగితం మీద వేలిముద్ర పడేది కానీ, అందులో ఏం రాశారో ముద్ర వేసినవాడికి తెలియదు. అలా చాకిరీ చేసే మనిషినీ గోతి అనే పిలిచేవారు. అతనికి తిండిగింజలు, ఏడాదికో గుడ్డ దొరికేవి. అతని రోజు పనికి విలువ కట్టేది షావుకారే, ఎంత తీరిందో చెప్పేదీ షావుకారే. అందుకే చిన్న మొత్తాలకు కూడా ఏళ్లు గడిచిపోయేవి. తండ్రి మంచాన పడితే కొడుకు వచ్చేవాడు. పదేళ్లు నిండని పిల్లలు షావుకారు పశువులు కాసేవారు. ఆ కొండల్లో ఎందరో కుర్రవాళ్లు పెద్దవాళ్లయిన తీరు ఇదే.

ఈ బతుకును దగ్గరనుంచి చూసి రాసిన పుస్తకం గోపీనాథ్ మహంతి ఒడియా నవల 'పరజా'. 1914లో పుట్టిన మహంతి ఒడిశా ప్రభుత్వ పాలనా సర్వీసులో చేరి కోరాపుట్‌లో ఉద్యోగం చేశారు. నవల 1945లో వచ్చింది. అందులో సుక్రు జాని భార్య లేని మనిషి. ఆమెను పులి ఎత్తుకుపోయింది. మండియా, టిక్రా అనే ఇద్దరు కొడుకులు, జిలి, బిలి అనే ఇద్దరు కూతుళ్లతో అతను బతుకు ఈడుస్తుంటాడు. కొండ ఇంట్లో తల్లి లేకపోవడం భావోద్వేగానికి సంబంధించిన లోటు మాత్రమే కాదు. కలుపు తీయడం, దుంపలూ ఆకులూ ఏరుకురావడం, సంతకు బరువు మోయడం, ఇంత పనీ ఆడవాళ్లదే. ఆ చేతులు పోతే ఇంటి సంపాదనలో సగం పోయినట్టే. సుక్రు కలలు మాత్రం పెద్దవి: ఇంకొంత పొలం, కొడుకులకు పెళ్లిళ్లు, ఇంటి నిండా మనవలు.

అటవీ ఉద్యోగి కన్ను జిలి మీద పడుతుంది. తండ్రి ఒప్పుకోకపోవడంతో అడవి నరికాడన్న కేసు, జరిమానా మెడకు చుట్టుకుంటాయి. ఆ డబ్బు కోసం సుక్రు, టిక్రా షావుకారుకు గోతులవుతారు. సారా కాస్తూ పట్టుబడి మండియా కూడా అదే దారి పడతాడు. మగదిక్కు లేని ఇంట్లో మిగిలిన ఆడపిల్లలు రోడ్డు పనికి పోతారు. చివరికి తాకట్టు పెట్టిన పొలం తిరిగి ఇవ్వనని షావుకారు మొండికేసినప్పుడు తండ్రీ కొడుకులు అతన్ని గొడ్డలితో నరికి, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లి లొంగిపోతారు. మహంతి షావుకారును రాక్షసుడిగా చిత్రించలేదు, లెక్క తెలిసిన వ్యాపారిగానే చూపించారు. పుస్తకం బలం చాలావరకు అక్కడే ఉంది.

చట్టాలు లేక ఇదంతా జరగలేదు. గంజాం, విశాఖ కొండలను మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టిన చట్టం 1839 నాటిది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీని ఏడాదికి నూటికి 24కు పరిమితం చేసింది, కొండవాళ్ల భూమి బయటివారికి పోకుండా ఆంక్ష పెట్టింది. వడ్డీకి హద్దు పెట్టిన చట్టం వడ్డీ బదులు ఒళ్లు వంచేవాడి దాకా రాలేదు. పైగా సర్కారు కూడా వెట్టికి దూరంగా లేదు. గూడెం కొండల్లో రోడ్డు పనులకు సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. అప్పుకు చాకిరీ చేయించుకోవడం మీద మద్రాసు ఏజెన్సీకి 1940లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. నిజాం రాజ్యంలో భగేలా అనే ఇలాంటి చాకిరీ ఒప్పందాల మీద 1943లో, ఒడిశాలో 1948లో వచ్చాయి. 'పరజా' వెలువడేనాటికి గీతకు ఇవతల రెగ్యులేషన్ ఉంది, అవతల ఇంకా రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత షావుకారుకు పోటీ మూడు వైపులనుంచి వచ్చింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి చింతపండు, తేనె, కరక్కాయలాంటి అటవీ సరుకును సంతల్లో కొనడం, బియ్యం, కిరోసిన్ అమ్మడం మొదలుపెట్టింది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. టైడా, బొర్రా మీదుగా సొరంగాలు తొలుస్తూ సాగిన ఆ పని నగదు కూలిని కొండ మీదికి తెచ్చింది. మూడోది పోరాటం. పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘం షావుకార్ల అప్పులమీద, కూలిమీద నిలదీసింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఆ సంఘానికి చెందిన కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయాక అది శ్రీకాకుళ సాయుధ పోరాటంగా మారింది. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధనను 1970లో బిగించడం వెనుక ఆ వేడి ఉంది.

దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, దాన్ని 1975 అక్టోబరు 25నుంచే అమలైనట్టు లెక్కించారు. వెట్టి, జీత, పాలేరు లాంటి పేర్లు దాని నిర్వచనంలోనే ఉన్నాయి. దాని ప్రకారం చాకిరీతో ముడిపడిన అప్పు రద్దవుతుంది. ఆ అప్పు కింద తాకట్టు పెట్టిన ఆస్తి సొంతదారుకు తిరిగి రావాలి. చాకిరీ చేయించుకున్నవాడికి మూడేళ్ల దాకా జైలు, రెండువేల దాకా జరిమానా. సుక్రు జాని అడిగింది ఆ రెండో సంగతి: తన పొలం తనకివ్వమని.