కూరగాయల మడిలో గులాబీలు

మా అబ్బాయి హైదరాబాదులో పనిచేసే ఆఫీసు వాళ్ళకి ఉన్నట్టుండి పచ్చదనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాతికేళ్ళనాటి భవనాలు, వాటి మధ్య ఎండకి కాగే సిమెంటు నేల, కార్లు నిలిపే రేకుల షెడ్లు ఇన్నాళ్ళూ బాగానే ఉన్నాయి గానీ, ఇప్పుడు కంటికి ఆనడం లేదుట. సిమెంటు పగలగొట్టి గడ్డి పరిచారు. వెదురు పొదలు పెట్టారు. చెట్టు కింద బల్ల వేసి, అక్కడే కంప్యూటరు పెట్టుకుని పని చేసుకోమన్నారు. "ఇది కొత్త పద్ధతమ్మా, లాండ్‌స్కేపింగ్ అంటారు" అని వాడు ఫోనులో వర్ణించి వర్ణించి చెబుతుంటే, "ఏడిశావులే, సర్కారు వాళ్ళు అరకులో ఈ పని ఎప్పుడో చేశారు" అన్నాను. వాడు నమ్మలేదు. మీరూ నమ్మరేమో గనక చెబుతున్నాను.

పోయిన కార్తీకంలో మావారూ నేనూ అరకు వెళ్ళాం. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ బండెక్కితే, శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కుర్రాళ్ళు ఒకటే ఈలలు. సొరంగాలెన్నో తేలుస్తానని మావారు లెక్క మొదలుపెట్టారు గానీ, మధ్యలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు రావడంతో లెక్క తప్పారు. శిమిలిగూడ స్టేషను దగ్గరికి వచ్చేసరికి మనం సముద్రానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటాం. శాలువా తెమ్మని నేను ముందే చెప్పాను. తేలేదు. ఆ సంగతి వదిలేయండి.

అరకు వెళ్ళినవాళ్ళందరూ చూసే పద్మాపురం తోట మేమూ చూశాం. గులాబీ మళ్ళు, నిటారుగా పెరిగిన చెట్లు, కొమ్మల మధ్య కట్టిన గుడిసెలు, ఫోటోలు తీసుకుంటున్న కొత్త జంటలు. "ఇంత చక్కని తోట వెయ్యాలని ఏ మహానుభావుడికి తోచిందో!" అని నేను ముచ్చటపడ్డాను. తరవాత తెలిసిందేమిటంటే, ఆ తోట వేసింది పూల కోసమే కాదు. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నాడు, సైనికులకి కూరగాయలు పండించడానికి వేశారు.

1942 అనగానే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ విశాఖ మనిషి. ఆ ఏడు మార్చిలో రంగూన్ జపానువాళ్ళ వశమైంది. అక్కడ కూలీనాలీ చేసుకుంటున్న మన తెలుగువాళ్ళు వేలకొద్దీ అడవులకడ్డంపడి నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవాళ్ళు చనిపోగా. ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. మా అత్తగారు పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే వదిలేసి, చంకలో పిల్లతో ఎడ్లబండెక్కి చోడవరం వైపు వెళ్ళిపోయారట. "ఆ పప్పు ఏమైందో" అని ఆవిడ చివరిదాకా అంటూనే ఉండేవారు. బాంబులకన్నా ఆ పప్పే ఆవిడకి ఎక్కువ జ్ఞాపకం.

అలాంటి రోజుల్లో సైన్యాన్ని పోషించడమంటే మాటలా? ఇంట్లో నలుగురు చుట్టాలొస్తేనే మనకి కూర చాలదు. క్యాబేజీ, క్యారెట్ లాంటివి మైదానంలో మండుటెండలకి తట్టుకోవు. అరకు లోయ సముద్రానికి మూడు వేల అడుగుల ఎత్తున చల్లగా ఉంటుంది. ఇక ఆ మట్టిని ఎవరు తవ్వి ఉంటారో వేరే చెప్పాలా? దొరలు పార పట్టి ఉంటారని మీరూ అనుకోరు, నేనూ అనుకోను. భగతలు, కొండదొరలు, పోర్జాలు, కోదులు, వాల్మీకులు తరతరాలుగా ఉన్న చోటది. ఎవరిదో యుద్ధం, ఎవరికో కూర.

సరిగ్గా అదే సమయంలో ఇంగ్లండులో పార్కులన్నీ తవ్వి కూరగాయలు వేశారు. ఆఖరికి లండన్ టవర్ కోట చుట్టూ ఉన్న కందకంలో కూడా కూర మళ్ళే! యుద్ధం అయిపోయాక వాళ్ళు మళ్ళీ గడ్డీ పూలూ వేసుకున్నారు. మన దగ్గర వరస తిరగబడింది. ముందు కూర, తరవాత పూలు. యుద్ధం పోయింది, సైనికులు పోయారు, తోట మిగిలింది. ఉద్యానశాఖ వాళ్ళు అక్కడ నారుమళ్ళు పెంచి, రైతులకి శిక్షణ ఇచ్చే కేంద్రం చేశారు. కూరగాయల క్షేత్రానికి పని లేకపోతే తాళం వేసి తుప్పు పట్టనివ్వచ్చు. అలా చెయ్యలేదు, సంతోషం.

అసలు తమాషా ఇంకోటుంది. ఆ తోటకి జనాన్ని మోసుకొచ్చే రైలు మార్గం 1960లలో వేశారు. ఎందుకంటారు? బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపానుకి పంపడానికి. ఏ జపాను విమానాలకి జడిసి మా అత్తగారు పప్పు వదిలి పరిగెత్తారో, ఆ జపాను కోసమే తరవాత కొండలు తొలిచారు. ఆ సొరంగాల్లోంచే నేను శాలువా లేకుండా వణుకుతూ వెళ్ళి గులాబీలు చూశాను. ఆ రోజున ఈ మాట చెప్పడానికి మా అత్తగారు లేకపోయారే అనిపించింది.

తోటలో ఒక పెద్దావిడ కలుపు తీస్తోంది. ముక్కుకి మూడు పుడకలు. "ఏమ్మా, ఈ పూలు బాగున్నాయి కదూ?" అని పలకరించాను. "సూసినోలకి బాగుంటాయమ్మా. మాకు వలిసి పువ్వు బాగుంటాది. గింజొస్తాది, నూనొస్తాది" అంది, చెయ్యి ఆపకుండానే. నిజమే, వచ్చేటప్పుడు రోడ్డు పక్క వలిసెలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉన్నాయి. చేలోకి దిగి ఫోటో తీసుకుంటామంటే రైతు మనిషికి ఇరవై అడిగాడు. మావారు గొణిగారు గానీ నాకు న్యాయంగానే తోచింది. మనం తొక్కేది అతని నూనెగింజల్ని.

ఆ కొండల్లో నేల ఎవరిదన్న పేచీ చిన్నదేం కాదు. బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్ళల్లో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. రేపు ఎవరైనా ఆ లోయలో ఇంకో తోట వేస్తామంటే, కలుపు తీసే ఆవిడ ఆ తోటలో కూలీయేనా, భాగస్తురాలా అని ముందు అడగాలనిపిస్తుంది నాకు.

ఇంటికి రాగానే అబ్బాయికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. విని, "అయితే మా ఆఫీసు తోటలో ఏం వెయ్యమంటావు?" అన్నాడు, వేళాకోళంగా.

"ఆ గడ్డిలో ఓ మూల రెండు చిక్కుడు పాదులు పెట్టించు. క్యాంటీనుకి పనికొస్తాయి" అన్నాను.

మేనేజరుని అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.