దొరికిన చోటు చెప్పడం

వాట్సాప్‌లో తిరిగే తెలుగు సందేశాల అడుగున తరచూ ఒక మాట కనిపిస్తుంది: "సేకరణ". వంటింటి వైద్యం కావచ్చు, పాత సినిమా పాట పుట్టిన కథ కావచ్చు, ఏదో గుడి గురించిన విశేషం కావచ్చు, రచయిత పేరు ఉండాల్సిన చోట ఆ మాట ఉంటుంది. ఇది నా రచన కాదు అని ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది, కాదనను. కానీ ఎక్కడ సేకరించారో, ఎవరి దగ్గర సేకరించారో అది చెప్పదు. చదివినవారికి అనుమానం వస్తే వెనక్కి వెళ్లి చూసుకునే దారి లేదు. ఇంటర్నెట్‌లో కనబడిన మంచి విషయాన్ని పదిమందికీ చూపించే ఆచారం మొదలైనప్పుడు ఇలా లేదు. దాని చరిత్రను కాస్త నింపాదిగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆ ఆచారాన్ని నిలబెట్టింది ఏరిన మనిషి పూచీ. ఇది ఫలానా చోట దొరికింది, దీన్ని చూడమంటున్నది నేను, అనే పూచీ. అది ఉన్నంతకాలం ముఖపరిచయం లేనివాళ్ల మధ్య కూడా ఒక సమాజం ఏర్పడింది. అది ఊడిపోయిన చోట సరుకు మాత్రం కుప్పలుగా మిగిలింది.

ఈ పూచీ కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1849 నవంబరులో లండన్‌లో విలియం జాన్ థామ్స్ 'నోట్స్ అండ్ క్వెరీస్' అనే వారపత్రిక మొదలుపెట్టాడు. అంతకు మూడేళ్ల ముందు 'ఫోక్‌లోర్' అనే మాటను ఇంగ్లిషు భాషకు ఇచ్చినవాడు ఆయనే. పత్రిక నిండా పాఠకులు పంపిన ముక్కలే ఉండేవి: పాత పుస్తకంలో తారసపడిన ఒక వింత ప్రయోగం, ఒక సామెత మూలం, ఒక సమాధి మీది రాత, వాటితోపాటు తమకు తేలని సందేహాలు. రాసినవాళ్లలో చాలామంది పొడి అక్షరాలతోనో మారుపేరుతోనో సంతకం చేసేవారు. మనిషి ఎవరో తెలియకపోయినా ఏ పుస్తకం, ఎక్కడ చూశాడు అన్నది తెలిసేది. తప్పయితే తరవాతి సంచికల్లో మరొకరు దిద్దేవారు. పూచీ అంటే అసలు పేరు బయటపెట్టుకోవడమే కానక్కరలేదని ఈ పత్రిక అప్పుడే చూపించింది. అది ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడుతోంది.

మన చాటువు కూడా ఇలాంటి సాక్ష్యమే చెబుతుంది. నోటి మీద తిరిగిన చాటు పద్యం ఒంటరిగా ప్రయాణం చేసేది కాదు. ఎవరు చెప్పారు, ఏ రాజు కొలువులో, ఏ సందర్భంలో అన్న కథను వెంటబెట్టుకుని వచ్చేది. ఆ కథల్లో చరిత్రకు నిలవనివి చాలా ఉన్నాయి. శ్రీనాథుడికీ తెనాలి రామకృష్ణుడికీ అంటగట్టిన పద్యాలన్నీ వారివి కావు. అయినా ఆ కథ ఉండడం వల్లే వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు 'చాటుపద్య మణిమంజరి' కోసం పద్యాలు కూర్చేటప్పుడు పట్టుకోవడానికి ఒక పిడి దొరికింది. తప్పుడు ఆనవాలును పరీక్షించవచ్చు, దిద్దవచ్చు. ఆనవాలే లేనిదాన్ని ఏం చేస్తాం?

వెబ్ విషయానికి వస్తే, 1991 ఆగస్టులో టిమ్ బెర్నర్స్-లీ తన ప్రాజెక్టును బయటి ప్రపంచానికి ప్రకటించిన తొలి రోజుల్లో చూడదగ్గవన్నీ ఒక చిన్న జాబితాలో ఇమిడిపోయేవి. ఆ జాబితాను స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లోనే ఉంచేవారు. 1993 జూన్‌లో, మొజాయిక్ బ్రౌజర్ పుట్టిన ఇలినాయి విశ్వవిద్యాలయ కేంద్రం, కొత్తగా వచ్చిన సైట్లను ప్రకటించే 'వాట్స్ న్యూ' పేజీ ప్రారంభించింది. 1994 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమ పేర్లతోనే ఒక మార్గదర్శి తయారుచేశారు. కొద్ది నెలలకే దాని పేరు యాహూ అయింది. ఇలినాయి పేజీ మూడేళ్లు నడిచి 1996 జూన్‌లో ఆగిపోయింది. కొత్త సైట్లు ఏ జాబితాకూ అందనంతగా పెరిగిపోయిన కాలమది. ఏమి వచ్చింది అన్న ప్రశ్న పోయి ఏది చూడాలి అన్న ప్రశ్న వచ్చింది. జాబితా రాసే గుమాస్తా పని అక్కడితో ముగిసి, అభిరుచి ఉన్న మనిషి పని మొదలైంది.

1997 డిసెంబరు 17న జోర్న్ బార్గర్ అనే అమెరికన్ తాను చదివినవాటిలో నచ్చినవాటి లింకులను రోజువారీగా పెట్టడం మొదలుపెట్టి, ఆ పేజీని 'వెబ్‌లాగ్' అన్నాడు. లాగ్ అంటే ఓడ నడిపేవాళ్లు రోజూ రాసుకునే పద్దు. ఆ మాటలోంచే 'బ్లాగు' వచ్చింది కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి: పుట్టుకతో బ్లాగు సొంత ఊసుల డైరీ కాదు, ఇతరుల రచనలకు దారి చూపే పద్దు. వెబ్‌లాగ్ రచయిత్రి రెబెకా బ్లడ్ 2000 సెప్టెంబరులో రాసిన చరిత్ర వ్యాసం ప్రకారం 1999 మొదట్లో తెలిసిన వెబ్‌లాగుల జాబితాలో ఉన్నవి 23 మాత్రమే. 1999 ఆగస్టులో 'బ్లాగర్' అనే ఉచిత సాధనం వచ్చింది. లింకు ఇవ్వాలన్న నిర్బంధం లేని ఖాళీ పెట్టె ఒకటి రాసేవారి ముందు పెట్టడమే, ఏరి చూపే బ్లాగులు డైరీలుగా మారడానికి ముఖ్య కారణమని ఆమె వాదించింది. నాకు ఈ వాదన బలంగా కనిపిస్తుంది. పరికరం ఏది అడిగితే మనుషులు అది ఇస్తారు. లింకు అడిగే చోట ఆనవాలు చెబుతారు, అడగని చోట మరిచిపోతారు. ఆ తొలితరం వాళ్లు లింకు పక్కన 'వయా' అని రాసి, దాన్ని తమకంటే ముందు ఎవరు చూపించారో వారి పేరు కూడా పెట్టేవారు. తెలుగు పత్రికల్లో బొమ్మ కింద వేసే 'సౌజన్యం' లాంటిదే అది, అయితే ఇక్కడ కృతజ్ఞత సొంతదారుకు కాక దారి చూపినవాడికి.

ఈ ఆచారం ఒక ఊరి కట్టుబాటుగా స్థిరపడింది మెటాఫిల్టర్‌లో అనుకుంటాను. 1999 జులైలో మాథ్యూ హౌవీ దాన్ని ప్రారంభించాడు. ఒక్కడి వెబ్‌లాగ్ బదులు అందరిదీ అయిన వెబ్‌లాగ్ అది: సభ్యులు ఎవరైనా లింకు పెట్టవచ్చు, మిగతావారు కింద చర్చిస్తారు. కట్టుబాట్లు కొద్దివే, కానీ కచ్చితమైనవి. ఒక సభ్యుడు ముఖపుటం మీద రోజుకు ఒకటి మించి పెట్టకూడదు. కొత్తగా చేరినవారు కొన్నాళ్లు ఆగాలి. 2004 చివరి నుంచి సభ్యత్వానికి 5 డాలర్ల రుసుము. అన్నిటికన్నా పెద్దది, తన సొంత పనికో తన వాళ్ల పనికో తానే లింకు పెట్టకూడదు, పెడితే వెలి. ఈ ఒక్క నియమంలో చాలా లోతు ఉంది. సరుకు అమ్మేవాడూ తూకం వేసేవాడూ ఒకడే అయితే తూకాన్ని ఎవరూ నమ్మరు. తనకు లాభం లేనిదాన్ని తన వంతు ఖర్చుపెట్టి చూపినప్పుడే, ఇది నిజంగా నచ్చి చూపించాడు అన్న నమ్మకం కుదురుతుంది. చర్చను జీతం తీసుకునే మనుషులు చూసుకునేవారు. ఇంత శ్రద్ధకు ఖర్చవుతుంది. 2012 నవంబరులో గూగుల్ తన వెతుకుడు సూత్రాలు మార్చాక మెటాఫిల్టర్‌కు రాకపోకలు సుమారు 40 శాతం పడిపోయాయి, ప్రకటనల రాబడి కుదించుకుపోయింది, 2014లో ముగ్గురు పర్యవేక్షకులను తొలగించాల్సి వచ్చింది. ఆ తరవాత దాన్ని బతికించింది సభ్యుల చందాలే.

దీనికి ఎదురుగా ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఆ ఏరినవాళ్లు ఎవరు? ఎక్కువగా అమెరికన్లు, ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు, కంప్యూటరు పనిలో ఉన్నవాళ్లు. వాళ్ల అభిరుచే ప్రపంచపు అభిరుచిగా చలామణీ అయింది. పైగా వాళ్లయినా ఆనవాలు చెప్పే నియమాన్ని ఎల్లప్పుడూ పాటించలేదు. పేరున్న బ్లాగులు చిన్న బ్లాగుల నుంచి విషయం తీసుకుని, ఎక్కడిదో చెప్పకుండా వదిలేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయని హ్యూలెట్-ప్యాకర్డ్ ప్రయోగశాల పరిశోధకులు 2004లోనే చూపించారు. ఈ రెండు మాటలూ నిజమే. మొదటిదానికి విరుగుడుగా వచ్చినవే ఓట్ల సైట్లు. 2004లో డిగ్, 2005లో రెడిట్: కొద్దిమంది ఏరడం బదులు అందరూ ఓటు వేసి తేల్చవచ్చు అన్నాయి. కానీ ఓటు వేయడానికైనా ముందు ఎవరో ఒకరు ఏరి తేవాలి. రెడిట్ తొలినాళ్లలో పేజీ ఖాళీగా కనబడకుండా వ్యవస్థాపకులే రకరకాల మారుపేర్లతో లింకులు పెట్టారని వారిలో ఒకడైన స్టీవ్ హఫ్‌మన్ తరవాత స్వయంగా చెప్పాడు. డిగ్ కథ ఇంకా స్పష్టమైనది. 2010 ఆగస్టులో వచ్చిన కొత్త రూపంలో పత్రికలు, సంస్థలు తమ రచనలను తామే యాంత్రికంగా పంపుకునే వీలు కల్పించింది, అంటే మెటాఫిల్టర్ వెలివేసిన పనికే తలుపు తెరిచింది. సభ్యులు తిరగబడి ముఖపుటాన్ని రెడిట్ లింకులతో నింపేశారు, వేలమంది అటే వెళ్లిపోయారు, రెండేళ్లు తిరక్కుండానే డిగ్ అమ్ముడుపోయింది. ఓట్లు పోయినందుకు వాళ్లు వెళ్లలేదు. తెచ్చిపెట్టే మనిషి స్థానంలో సొంత డప్పు వచ్చి చేరినందుకు వెళ్లారు. అభిరుచి ఇరుకుగా ఉందంటే మందు మరిన్ని రకాల మనుషులను ఏరేవాళ్లలో చేర్చుకోవడం. ఏరే మనిషినే తీసెయ్యడం ఎలా మందవుతుంది?

మరో ఆక్షేపణ నేటిది. ఇప్పుడు ఫోను తెరిస్తే ఏది చూడాలో అల్గారిథమ్ చెబుతుంది, ఏ మనిషీ ఏరలేనన్నిటిని జల్లెడ పట్టి, మన ఇష్టం మనకంటే ముందే కనిపెడుతుంది. ఇంకా ఈ పాత పద్ధతి ఎందుకు? యంత్రం మనకు నచ్చేవి తెస్తుందన్నది నిజం. కానీ దాన్ని ఎందుకు తెచ్చావని అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు. తప్పయితే సిగ్గుపడేవారు ఉండరు. ఎవరూ పూచీ పడని వార్త ఎంత దూరం వెళ్లగలదో మన ప్రాంతం చాలా చేదుగా నేర్చుకుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో పాకుతున్న 2018 జులైలో, హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన ఒక యువ ఇంజనీరును, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, గుంపు కొట్టి చంపింది. కొన్ని రోజుల ముందే వాట్సాప్ 'ఫార్వర్డెడ్' అనే గుర్తు తెచ్చింది. వారం తిరగకుండా, భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. పరిమితి వేగాన్ని తగ్గించగలదు. కానీ ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: ఇది పంపినవారిది కాదు అని. ఎవరిదో, ఎక్కడిదో చెప్పదు. మన 'సేకరణ' సరిగ్గా ఇదే పని చేస్తోంది.

తెలుగువాళ్లకు మరో అలవాటు చేతకాదని దీని అర్థం కాదు. 1990లలో అమెరికాలో ఉన్న తెలుగువారు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి పట్టుకుని యూజ్‌నెట్‌లోని తమ చర్చాబృందంలో పద్యాలు, పాటలు, పుస్తకాల వివరాలు పంచుకున్నారు. తరవాత యాహూ గుంపులు వచ్చాయి. 2020 డిసెంబరులో యాహూ ఆ సేవనే మూసేసినప్పుడు అలాంటి ఎన్నో చర్చల చిరునామా చెరిగిపోయింది. అయితే అన్నిటికన్నా నాకు గౌరవం కలిగించేది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చుట్టూ జరిగిన పని. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగం అది. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ వాటి పేర్లను రోమన్ లిపిలో ఇష్టం వచ్చిన స్పెల్లింగులతో ఎక్కించడంతో, పుస్తకం లోపలే ఉన్నా వెతికితే దొరికేది కాదు. ఫలానా పుస్తకం ఫలానా తప్పు పేరు కింద ఉందని కనిపెట్టినవారు మిగతావారికి చెప్పడమే ఇక్కడ సిసలైన పంపకం. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు ఆ పనిని పద్ధతిలో పెట్టి, అక్షర క్రమంలో పెద్ద పట్టికలు తయారుచేశారు: తెలుగు లిపిలో సరైన పేరు, రచయిత, విభాగం, ఆ పుస్తకంలో ఏముందో రెండు ముక్కలు, ముద్రణ సంవత్సరం, బార్‌కోడ్ సంఖ్య.

లింకులు శాశ్వతం కావు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం 2023 నాటికి అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. డిజిటల్ లైబ్రరీ సైటుకూ అదే గతి పట్టింది. 2017 ప్రాంతంలో అది తెరుచుకోవడం మానేసింది, పట్టికల్లోని పాత లింకులు ఎండిపోయాయి. అప్పటికే ఆ పుస్తకాల్లో చాలావాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ భాండాగారానికి చేరాయి. అక్కడి పుస్తకాల వివరాల్లో అవే పాత రోమన్ తప్పులు, వాటి కింద అదే బార్‌కోడ్. పట్టికలో ఎవరో ఓపికగా ఎక్కించిన సంఖ్యను తీసుకెళ్లి అక్కడ వేస్తే పుస్తకం దొరుకుతుంది.