రాజమహేంద్రవరపు విద్యుత్తు వ్యాజ్యెము

మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టభూములు. చెరువే మాకు ఆధారము. చెరువు సొమ్మును పెత్తందారు మ్రింగినచో ఆయకట్టు రైతులు వానిని నిలదీయుదురు గాని, కట్టను తెగగొట్టుదమని యెవ్వరును అనరు. కంపెనీ వాటాదారునకు మాత్రము చట్టము ఆ మాట అనుటకే అధికార మిచ్చినది. కంపెనీని మూసివేయుట న్యాయమును ధర్మమునని తోచినయెడల న్యాయస్థానము అట్లు చేయవచ్చునని 1913 నాటి హిందూదేశపు కంపెనీల చట్టము 162వ సెక్షనున నుండెను. ఐర్లాండువారి 1963 నాటి చట్టమునందును 213వ సెక్షనున ఇదే మాట యుండెను. రెండింటికిని మూలము ఇంగ్లీషు న్యాయమే.

రాజమహేంద్రవరపు విద్యుత్ సరఫరా కార్పొరేషను విషయమున ఒక వాటాదారు ఇట్టి అర్జీ వేసెను. ప్రభుత్వమునకు విద్యుత్తు నిమిత్తము రూ. 3,10,000 పైచిలుకు బాకీ, యంత్రములు శిథిలములు, కంపెనీ సొమ్ము సొంత అక్కరలకు మరలింపబడినదని ఆరోపణ. మూసివేయుడు, లేదా 1951లో చేర్చిన 153-సి సెక్షను క్రింద మమ్ము కాపాడుడని ప్రార్థన. దోషము ఉపాధ్యక్షునిది, అతనిని తొలగించితిమి గదా యని అధ్యక్షుని వాదము.

153-సి క్రింద అడుగుటకు సభ్యులలో పదవవంతు సమ్మతి వలసియుండెను. సభ్యులు 603 మంది. సమ్మతించినవారు 80 మంది. అందు 13 మంది సభ్యులే కారు, ఇద్దరు రెండేసి మారులు వ్రాలు చేసిరి! మిగిలిన 65 మంది చాలుదురు. పిమ్మట మరి 13 మంది వెనుదీసిరి. లెక్క 52కు దిగినది. ఎవరు నచ్చజెప్పిరో, ఎవరు బెదరించిరో! పల్లెలలో అర్జీలు వ్రాసిపెట్టిన నావంటి వానికి ఇది వింత గాదు.

సుప్రీముకోర్టు 1955లో తీర్పు చెప్పినది. వ్రాసినవారు టి. ఎల్. వెంకటరామయ్యరుగారు, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలయందు గొప్ప ప్రవీణులు, 1944లో సంగీత కళానిధి బిరుదు పొందినవారు. అర్జీ దాఖలైన దినమున సమ్మతి చాలినచో, తరువాతి వెనుకంజ దానిని చెరుపజాలదని వారనిరి. డైరెక్టర్ల దుర్నయము ఒక్కటే మూసివేతకు చాలదు. వాటాదారులే సభలో దిద్దుకొనవచ్చును. ఇక్కడనో, స్థానికమైన బలగమొకటి పెత్తనము చేయుచుండగా తక్కినవారు నిస్సహాయులైరి. కావున మూసివేతకు తగిన కారణము కలదు.

అయినను మూయలేదు. మూయదగినంత దోషము ఋజువైనపుడే 153-సి మందు దొరకెడిది. మూసినచో వాటాదారులే నష్టపోవుదురన్నప్పుడు ఆ మందు వాడవలసియుండెను. ఐర్లాండు వారి ఆ 1963 నాటి చట్టపు 205వ సెక్షనును ఈ తోవదే యైయుండెను, కాని అచ్చట పదవవంతు లెక్క లేకుండెను. ఒక్క సభ్యుడైనను పోగలిగెడివాడు.

మొదట విచారించిన న్యాయమూర్తి ఇద్దరు నిర్వాహకులను ఆరునెలలకు నియమించి, డైరెక్టర్ల అధికారమంతయు వారికిచ్చెను. రావలసినది రాబట్టుడు, బాకీలు తీర్చుడు, పిదప వాటాదారులను సభచేర్చి, ఈ నిర్వహణమే సాగవలెనా, క్రొత్త డైరెక్టర్లు కావలెనా, కంపెనీని మూయవలెనా యని వారినే అడుగుడు అని ఆజ్ఞ. సుప్రీముకోర్టు దానినే నిలిపినది.