ముడి విప్పే మాటలు

మన ఐటీ వాళ్ల నోట్లో రోజుకి పదిసార్లు నలిగే మాట 'అనాలిసిస్'. మీటింగు మరీ సాగితే 'అనాలిసిస్ పెరాలిసిస్' అని జోకు కూడా వేస్తాం. ఆ రెండూ ఒక తల్లి బిడ్డలే అని మాత్రం పెద్దగా పట్టించుకోం.

గ్రీకులో 'లూయెయిన్' అంటే విప్పటం, వదులు చెయ్యటం. పండితుల మాటేం కాదు, రైతు మాటే. హోమర్ కావ్యాల్లో సాయంత్రానికి వాడిన ఒక మాట 'బూలుతోస్', అంటే ఎడ్ల కాడి విప్పే వేళ. మా పల్నాడులో, మాచర్ల, గురజాల మెట్టపొలాల్లో అరక తోలిన తరానికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత అరిస్టాటిల్ నాటకంలో కథ చిక్కుపడటాన్ని 'ముడి' అనీ, చిక్కు తేలటాన్ని 'లూసిస్' అనీ అన్నాడు. మనం పొడుపుకథ వేసి "విప్పు చూద్దాం" అంటామే, అదే లెక్క.

అనాలిసిస్ అంటే పూర్తిగా విప్పటం. పెరాలిసిస్ అంటే ఒక పక్క వదులైపోవటం. మన పక్షవాతంలో 'పక్షం' అన్నా పక్కే! 19వ శతాబ్దంలో సైన్సు ఈ ధాతువుని బాగా వాడుకుంది. 1834లో ఫారడే ఎలెక్ట్రాలిసిస్ అన్నాడు, 1835లో బెర్జీలియస్ కెటాలిసిస్ అన్నాడు, 1861లో థామస్ గ్రాహం పల్చటి పొర గుండా పదార్థాల్ని విడదీసే పద్ధతికి డయాలిసిస్ అని పేరు పెట్టాడు.

తెలుగు మీడియం పుస్తకాల్లో 'విశ్లేషణ' చూడండి. శ్లేష అంటే అంటుకుని ఉండటం. ఒకే మాటకి రెండర్థాలు అంటుకుంటే శ్లేషాలంకారం. అంటుకున్నదాన్ని విడదీస్తే విశ్లేషణ. విద్యుత్ విశ్లేషణ, జలవిశ్లేషణ అలా వచ్చినవే. బట్టీ పట్టాం గానీ లోపల ఏముందో ఎవరూ విప్పి చెప్పలేదు.

డయాలిసిస్‌ని మాత్రం మనం తెలుగు చెయ్యలేదు. 1943లో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు, సాసేజీలకి తొడిగే సెల్లోఫేన్ గొట్టంతో కృత్రిమ కిడ్నీ తయారుచేశాడు. మొదటి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒకావిడ బతికింది. ఆ యంత్రం వారసులే ఇవాళ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే ఎన్నో కుటుంబాలకి ఆధారం. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, సార్‌కి నాలుగు గంటలు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి.

కానీ అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో పనా? ఎన్నో అనుమానాలున్నాయి, ఇదీ అని రుజువైంది లేదు. అదే ఫ్లోరోసిస్ సంగతి చూడండి. 1937లో నెల్లూరు జిల్లా కేసుల మీద షార్ట్ బృందం నివేదిక వచ్చింది, తాగే నీళ్లలో ఫ్లోరైడే కారణమని తేలింది. కారణం తెలిశాక చెయ్యాల్సిందేంటో తెలిసింది: మంచినీళ్లివ్వాలి. ఇచ్చారా లేదా అన్నది వేరే గొడవ, కనీసం అడగటానికి ఒక మాటుంది.

ఉద్దానానికి డయాలిసిస్ వచ్చింది, అనాలిసిస్ పూర్తికాలేదు. మొదటిది రక్తాన్ని శుభ్రం చేస్తుంది, అంతే. రోగం రాకుండా ఆపాలంటే రెండోది కావాలి. సర్వర్ పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి ఊరుకుంటే మన మేనేజర్లు ఒప్పుకుంటారా? మరి మనుషుల విషయంలో మనమెందుకు ఒప్పుకుంటున్నాం?