ఒకే బడి, వేర్వేరు బాటలు: డెర్రీ సెయింట్ కొలంబ్స్ కాలేజి పూర్వ విద్యార్థులు – ఒక చారిత్రక పరిశీలన

సంఘం నడిపే పాఠశాల తన విద్యార్థి జీవితాన్ని ఎలా తీర్చిదిద్దుతుంది అన్న ప్రశ్నకు మన మధ్య సాధారణంగా సాక్ష్యాల రూపంలోనే జవాబు దొరుకుతుంది. మిషను బోర్డింగులో చదివి పైకి వచ్చిన పెద్దలు శతజయంతి సభలలో చెప్పే మాటలు, జ్ఞాపక సంచికలలో రాసే వ్యాసాలు ఇందుకు ఆధారాలు. ఇవి విలువైనవే. అయితే చరిత్ర విద్యార్థి వీటితో తృప్తిపడలేడు. జ్ఞాపక సంచికలో పైకి వచ్చినవాడు రాస్తాడు. ప్రవేశం దొరకనివాడు రాయడు. ఈ లోపాన్ని మనసులో ఉంచుకొని, బాగా నమోదైన ఒక కతోలిక పాఠశాల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తర ఐర్లాండులోని డెర్రీ నగరంలో ఉన్న సెయింట్ కొలంబ్స్ పేరుకు కాలేజి అయినా నిజానికి మగపిల్లల ఉన్నత పాఠశాల. ఇక్కడ ఇంచుమించు ఒకే కాలంలో చదివిన ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది: 1995లో కవి షేమస్ హీనీకి సాహిత్యంలో, 1998లో రాజకీయ నాయకుడు జాన్ హ్యూమ్‌కు శాంతి విషయంలో. నాటక రచయిత బ్రయన్ ఫ్రీల్, విమర్శకుడు షేమస్ డీన్, వామపక్ష కార్యకర్త ఎమన్ మెకాన్, తరువాత డెర్రీ పీఠాధిపతి అయిన ఎడ్వర్డ్ డేలీ కూడా ఈ బడి పిల్లలే. మన పరిశీలనకు వీరి ప్రఖ్యాతి కంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. వీరిలో పలువురు తమ బడి గురించి రాశారు, మాట్లాడారు; ఒకరి మాట మరొకరి మాటతో కలవదు.

నగరం, పాఠశాల, పరీక్ష

ఈ నగరంలో పేరు దగ్గరే తగవు మొదలవుతుంది. కతోలికులు డెర్రీ అంటారు, ప్రొటెస్టెంటు యూనియనిస్టులు లండన్‌డెర్రీ అంటారు. జనాభాలో కతోలికులే ఎక్కువ. అయినా వార్డుల హద్దులను గీసిన తీరు వలన 1920ల నుండి 1960ల చివరి వరకు నగరపాలన యూనియనిస్టుల చేతిలోనే ఉంది. స్థానిక ఎన్నికలలో ఓటు ఇంటి పన్నుతో ముడిపడి ఉండేది కనుక, కతోలికులకు కొత్త ఇల్లు కేటాయించడమంటే ఓటు కేటాయించడమే. అందుకే ఇళ్లు దొరికేవి కావు.

అలాంటి నగరంలో 1879లో మేత్రాసనం స్థాపించిన ఈ పాఠశాలకు, సంఘ చరిత్రలో మనం చదువుకొనే అయోనా మఠ స్థాపకుడు కొలంబా పేరు పెట్టారు. కాబోయే గురువులను సిద్ధపరచడం దీని ముఖ్యోద్దేశాలలో ఒకటి. ఉపాధ్యాయులలో ఎక్కువమంది గురువులే. లాటిను తప్పనిసరి చదువులా సాగేది, బెత్తానికి బదులు తోలుపట్టీ ఆడేది. దూరపు పల్లెల పిల్లలు బోర్డింగులో ఉండేవారు, పట్టణపు పిల్లలు డే స్కాలర్లు. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే ప్రధానంగా అక్కడికి చేరేవారు.

ఈ స్థితిని మార్చింది సంఘం కాదు, ప్రభుత్వం. ఉత్తర ఐర్లాండు విద్యా చట్టం 1947లో వచ్చింది. పదకొండేళ్ల వయసులో ఒక పరీక్ష (దానినే ఎలెవెన్ ప్లస్ అనేవారు) నెగ్గిన పిల్లవాడికి గ్రామర్ స్కూలు చదువు ఉచితం. చట్టం చేసినది యూనియనిస్టు ప్రభుత్వమే అన్నది గమనించదగినది. తన పాలనను ఇరవై ఏళ్ల తరువాత నిలదీయబోయే తరానికి ఆ ప్రభుత్వమే చదువు చెప్పించింది. సంఘ పాఠశాల ఘనతను లెక్కగట్టేటప్పుడు ఈ పరాయి సొమ్మును మరచిపోవడం మన రచయితలకు అలవాటు.

1948లో ఆ పరీక్ష నెగ్గి సెయింట్ కొలంబ్స్‌లో చేరిన తొలి జట్టులో జాన్ హ్యూమ్ ఒకరు. ఏడుగురు పిల్లలలో పెద్దవాడు. తండ్రికి యుద్ధం తరువాత పని లేదు. తల్లి చొక్కాల ఫ్యాక్టరీకి ఇంటి దగ్గర కుట్టుపని చేసేది. చట్టం లేకపోతే ఆ గుమ్మం ఎక్కే అవకాశం ఆ ఇంటికి లేదనే చెప్పాలి.

బడి ఏమిచ్చింది?

గురువులను తయారుచేయాలన్న ఉద్దేశాన్ని కొలబద్దగా తీసుకుంటే ఫలితం మిశ్రమమే. ఎడ్వర్డ్ డేలీ 1957లో గురుపట్టం పొందారు. ఫ్రీల్, హ్యూమ్ ఇద్దరూ మేనూత్ సెమినరీకి వెళ్లి, అభిషేకం పొందకుండానే బయటికి వచ్చారు. సెమినరీ వదిలినవారిని మనం ఏ కళ్లతో చూస్తామో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. హ్యూమ్ తిరిగి వచ్చి ఫ్రెంచి, చరిత్ర బోధించే ఉపాధ్యాయుడయ్యారు. కొంతకాలం తన పాత బడిలోనే పనిచేశారు. 1960లో ఫాదర్ ఆంథొనీ మల్వీ, మరి కొందరితో కలిసి డెర్రీలో పరస్పర పొదుపు సంఘాన్ని (క్రెడిట్ యూనియన్) స్థాపించారు. బ్యాంకు గడప తొక్కలేని కుటుంబాలు తమ చిన్న మొత్తాలతో ఒకరికొకరు అప్పు ఇచ్చుకొనే ఏర్పాటు ఇది. 1891 నాటి పోపు పత్రిక ‘రేరుం నొవారుం’తో మొదలైన సామాజిక బోధన నీడ ఇందులో కనబడుతుందని నా అభిప్రాయం. తన జీవితంలో తనకు అత్యంత గర్వకారణమైన పని ఇదేనని హ్యూమ్ తరచు చెప్పేవారు. 1965లో రెండవ విశ్వవిద్యాలయాన్ని డెర్రీకి కాక కోల్‌రేన్‌కు ఇవ్వాలని ప్రభుత్వ సంఘం సిఫారసు చేసినప్పుడు, నిరసన ఉద్యమానికి ఆయనే నాయకుడు. ఆ నిరసనలో యూనియనిస్టు మేయరు కూడా నడవడం విశేషం.

హీనీ కథ వేరు. తొమ్మిదిమంది పిల్లలలో పెద్దవాడైన ఆయన 1951లో ఇంటికి సుమారు 40 మైళ్ల దూరంలోని ఈ బోర్డింగుకు వచ్చారు. 1953లో నాలుగేళ్ల తమ్ముడు ప్రమాదంలో చనిపోయిన కబురు ఆయనకు బడిలో ఉండగానే అందింది. అక్కడ నేర్చిన లాటిను మాత్రం చివరిదాకా ఆయనను విడువలేదు. వర్జిల్ ‘ఈనియడ్’ ఆరవ కాండానికి ఆయన చేసిన అనువాదం మరణానంతరం 2016లో వెలువడింది. సెయింట్ కొలంబ్స్‌లో లాటిను చెప్పిన ఫాదర్ మైకేల్ మెక్‌గ్లించీ జ్ఞాపకార్థం దానిని చేశానని అందులో రాసుకున్నారు. పెద్దయ్యాక కతోలిక సిద్ధాంతాలపై ఆయనకు చిన్ననాటి విశ్వాసం నిలువలేదు. అయినా 2013 ఆగస్టు 30న ఆసుపత్రిలో, మరణానికి కొద్ది నిమిషాల ముందు, భార్యకు ఫోనులో పంపిన సందేశం లాటినులోనే ఉంది: ‘నోలి తిమేరె’, భయపడకు అని. లాటిను బైబిలులో ఆదికాండము 15:1లోను, లూకా 5:10లోను కనబడే మాటలివి. విశ్వాసం సడలిన తరువాత కూడా విశ్వాస భాష మనిషిలో ఎక్కడ దాగి ఉంటుందో వేదాంత విద్యార్థులు ఆలోచించవలసిన విషయం.

ఎమన్ మెకాన్ సాక్ష్యం చేదుగా ఉంటుంది. పేదల పేట అయిన బాగ్‌సైడ్ నుండి వచ్చిన పిల్లలను ఆ బడి చిన్నచూపు చూసిందని 1974లో అచ్చయిన ‘వార్ అండ్ ఏన్ ఐరిష్ టౌన్’లో ఆయన రాశారు. షేమస్ డీన్ 1996లో ప్రచురించిన నవల ‘రీడింగ్ ఇన్ ద డార్క్’లోని తరగతి గదులలో హాస్యం ఉంది, దాని వెనుకే భయం ఉంది. నవలను నేరుగా చారిత్రక ఆధారంగా వాడలేము. కానీ ఇద్దరి రాతలూ కలిపి చదివితే, అధికారాన్ని ప్రశ్నించే తెగువ కొందరికి బడి నేర్పిన పాఠం వలన కాక, బడి పెట్టిన బాధ వలన వచ్చిందా అన్న సందేహం కలుగుతుంది. 1968 అక్టోబరు 5న పోలీసులు లాఠీలతో చెదరగొట్టిన పౌరహక్కుల ఊరేగింపు నిర్వాహకులలో మెకాన్ ఒకరు. ఊరేగింపులో హ్యూమ్ కూడా ఉన్నారు.

1972 జనవరి 30న, రక్త ఆదివారంగా పేరుపడిన రోజున, బ్రిటిషు సైనికుల కాల్పులలో 13 మంది మరణించారు. గాయపడిన మరొకరు తరువాత మరణించారు. చావుబతుకుల్లో ఉన్న 17 ఏళ్ల కుర్రవాణ్ణి మోసుకొస్తున్నవారి ముందు తెల్ల చేతిరుమాలు ఊపుతూ నడిచిన గురువు ఎడ్వర్డ్ డేలీ. ఆ ఛాయాచిత్రం లోకమంతా చూసింది.

గుమ్మం అవతలివాడు

ఇంతవరకు చెప్పిన వారందరూ లోపలికి వెళ్లగలిగినవారు. అదే నగరంలో, అదే బాగ్‌సైడ్‌లో 1950లో పుట్టిన మార్టిన్ మెగిన్నిస్ ఎలెవెన్ ప్లస్ తప్పాడు. అతడు చేరినదీ కతోలిక పాఠశాలే, క్రిస్టియన్ బ్రదర్స్ నడిపే సాంకేతిక పాఠశాల. పదిహేనేళ్లకు బడి వదిలి మాంసం దుకాణంలో పనికి కుదిరాడు. రక్త ఆదివారం నాటికి, 21 ఏళ్ల వయసులో, డెర్రీ ఐ.ఆర్.ఎ. దళంలో రెండవ స్థానంలో ఉన్నానని 2001లో ఆయనే ఒప్పుకొన్నారు.

కతోలిక విద్య శాంతికారులను తయారుచేస్తుందని హ్యూమ్‌ను చూపి వాదించేవారు మెగిన్నిస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇద్దరూ ఒకే జ్ఞానోపదేశం కంఠస్థం చేశారు, ఒకే పూజకు మోకరించారు. తేడా పదకొండేళ్ల వయసులో రాసిన ఒక పరీక్షదే అనడం అతిశయోక్తి అవుతుంది. పరీక్ష తప్పినవారిలో అత్యధికులు తుపాకి పట్టలేదు. పైగా వీరి మధ్య పదమూడేళ్ల అంతరం ఉంది. హ్యూమ్ యౌవనంలో వీధులలో సైనికులు లేరు. అయినా ఒకరికి విశ్వవిద్యాలయం దాకా తలుపులు తెరుచుకోగా, మరొకరికి పదిహేనేళ్లకే మూసుకుపోయాయి. వేద పాఠం ఇద్దరికీ సమానంగా అందింది, అవకాశం సమానంగా అందలేదు. 1998 శుభ శుక్రవార ఒప్పందం నాటికి ఇద్దరూ వేర్వేరు దారులలో ఒకే బల్ల దగ్గరికి చేరారు.

1999 డిసెంబరులో ఉత్తర ఐర్లాండు విద్యామంత్రి పదవి మెగిన్నిస్‌కు దక్కింది. 2002 అక్టోబరులో, ప్రభుత్వం నిలిచిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆయన ఎలెవెన్ ప్లస్ రద్దును ప్రకటించారు. చివరి పరీక్ష 2008 నవంబరులో జరిగింది. పిల్లలను పరీక్షతో వేరుచేయడం మానాలని కతోలిక పీఠాధిపతులు కోరినా, పలు కతోలిక గ్రామర్ స్కూళ్లు తమ సొంత ప్రవేశ పరీక్షలు పెట్టుకున్నాయి. సెయింట్ కొలంబ్స్ వదిలి వెళ్లిన బిషప్ స్ట్రీటు పాత ఆవరణలో 1997లో మొదలైన లూమెన్ క్రిస్తీ కాలేజి వాటిలో ఒకటి.